తుంటి మార్పిడి ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గించే ట్రెనెక్సామిక్ ఇంజెక్షన్: గుండెలో స్టెంట్ ఉన్న మా అమ్మకు ఇవ్వవచ్చా?

ప్రశ్న అడిగినవారు: మున్నేటి ఒడ్డు, ఖమ్మం

అందరికీ నమస్కారం. మా అమ్మకు 63 ఏళ్లు, బరువు 58 కిలోలు. వచ్చే నెల మొదటి వారంలో హైదరాబాదులో కుడి తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ చేయాలని నిర్ణయించారు. తొడ ఎముక తలకు రక్తప్రసరణ ఆగిపోయి, ఎముక గుండ్రదనం పోయి కుంగిపోయిందని ఎంఆర్ఐలో తేలింది. రెండేళ్లుగా కుంటుతూనే ఇంటి పనంతా చేసుకున్న మనిషి, ఈ మూడు నెలలుగా స్నానాల గదికి వెళ్లాలన్నా నా భుజం పట్టుకోవలసి వస్తోంది కనుక ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న సందేహం మాకు లేదు. నా భయమంతా రక్తం గురించే.

నాలుగేళ్ల కిందట అమ్మకు గుండె రక్తనాళంలో ఒక స్టెంట్ వేశారు. అప్పటి నుంచి రక్తపోటు మాత్రతో పాటు ఎకోస్ప్రిన్ 75 (రక్తం పలుచన చేసే ఆస్పిరిన్ మాత్ర) రోజూ వేసుకుంటోంది. ఆపరేషన్ రోజున కూడా ఆ మాత్ర ఆపవద్దని గుండె డాక్టరు గారు చెప్పారు. ఎముకల డాక్టరు గారు మాత్రం, రక్తస్రావం తగ్గడానికి కోతకు ముందు ట్రెనెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇస్తామని, మర్నాటి నుంచి కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా రక్తం పలుచన చేసే మందు మొదలుపెడతామని అన్నారు. ఆ పేరు వినగానే నాకు గుర్తుకు వచ్చింది: నెలసరిలో రక్తస్రావం ఎక్కువైనప్పుడు మా ఊరి లేడీ డాక్టరు గారు నాకు రాసిచ్చిన మాత్ర అదే. రక్తాన్ని ఆపే మందు ఒకటి, పలుచన చేసే మందులు రెండు, అన్నీ ఒకే మనిషికి ఒకటి రెండు రోజుల తేడాలో ఇస్తే స్టెంట్ మూసుకుపోదా? ఈ మాట అక్కడే అడగాలనుకున్నాను కానీ, గది బయట ఇంకా ముప్పై మంది నిలబడి ఉండటంతో నోరు రాలేదు.

మరో రెండు విషయాలు కూడా చెప్పాలి. అమ్మ హిమోగ్లోబిన్ 9.8 ఉంది. రక్తం గ్రూపు బి నెగెటివ్. రెండు యూనిట్లు సిద్ధం చేసుకోమన్నారు. నాది కూడా బి నెగెటివే కాబట్టి నా రక్తమే ఇవ్వవచ్చా? తెలిసినవారు ఓపికగా వివరిస్తే రుణపడి ఉంటాను.


జవాబు 1: సాగరతీరం, మత్తు వైద్యుడు, విశాఖపట్నం

మున్నేటి ఒడ్డు గారూ, మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి చివరి నిర్ణయం అక్కడి డాక్టర్లదే. అయినా మీరు అడిగిన ప్రశ్న చాలా మంది మనసులో ఉండి, గది బయటి రద్దీ వల్ల బయటకు రాకుండా పోయేది కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

మొదట ఒక మాట సరిచేయాలి. ట్రెనెక్సామిక్ యాసిడ్ రక్తాన్ని గడ్డకట్టించదు. అప్పటికే కట్టిన గడ్డ కరిగిపోకుండా మాత్రమే కాపాడుతుంది. మాది కోనసీమ. మా పొలాల్లో గట్టు ఎంత గట్టిగా వేసినా రాత్రికి రాత్రి ఎండ్రకాయలు బొరియలు పెడతాయి, తెల్లారేసరికి గండి పడి నీళ్లన్నీ పక్క చేలోకి పోతాయి. ఈ మందు గట్టు వేసేది కాదు, ఎండ్రకాయను ఆపేది. గాయమైన చోట ఫైబ్రిన్ అనే పోగులతో శరీరమే ఒక వల అల్లి రక్తాన్ని ఆపుతుంది. ఆ వలను కొరికివేసే ప్లాస్మిన్ అనే పదార్థం కూడా రక్తంలోనే ప్లాస్మినోజెన్ రూపంలో సిద్ధంగా ఉంటుంది. ప్లాస్మినోజెన్ వెళ్లి పట్టుకోవలసింది ఆ పోగుల మీద ఉండే లైసిన్ అనే భాగాన్ని. ట్రెనెక్సామిక్ అణువు రూపంలో ఆ లైసిన్‌ను పోలి ఉంటుంది కాబట్టి, ప్లాస్మినోజెన్ పట్టు ఈ మందుతోనే నిండిపోయి, అసలు పోగులను అందుకోలేక తేలిపోతుంది. గాయం లేని రక్తనాళంలో కొత్త వలను అల్లే పని ఈ మందు చేయదు.

తుంటి ఆపరేషన్‌కే ఇది ఇంతగా ఎందుకు పనికి వస్తుందంటే, అక్కడ రక్తం కారే తీరే వేరు. మోకాలి ఆపరేషన్‌లో తొడకు పట్టీ బిగించి రక్తాన్ని కాసేపు ఆపవచ్చు. తుంటికి పట్టీ బిగించే చోటే లేదు. చర్మం, కండరం కోసినప్పుడు కారే రక్తనాళాన్ని కాల్చవచ్చు, ముడి వేయవచ్చు. తొడ ఎముక లోపలి గొట్టాన్ని కొత్త కీలు కాడ కోసం తొలిచినప్పుడు, గిన్నెలాంటి కటి ఎముక గుంటను గీరినప్పుడు, ఎముక మజ్జ నుంచి చెమ్మలా ఊరే రక్తానికి ఏ కుట్టూ వేయలేము. తుడిచిన గుడ్డ తీసేలోపే మళ్లీ ఎర్రబడుతుంది. పైగా ఇంత పెద్ద గాయం కాగానే శరీరంలో వలను కొరికే పని కూడా ఊపందుకుని, మొదటి ఆరు గంటల సమయంలో ఎక్కువగా ఉండి, మర్నాటికి సర్దుకుంటుంది.

మా థియేటర్‌లో సక్షన్ జాడీలో కొలత చూస్తాం, రక్తం పీల్చిన గుడ్డలను త్రాసులో తూచి, పెరిగిన ప్రతి గ్రామునూ ఒక మిల్లీలీటరుగా లెక్క కడతాం. అయినా ఆ లెక్కకు అందనిది చాలా ఉంటుంది. కుట్లు వేశాక కండరాల మధ్యకు ఊరే రక్తం ఎవరి కంటికీ కనిపించదు. దాన్ని కూడా కలిపితే మొత్తం నష్టం ఒక లీటరు దాటడం ఈ ఆపరేషన్‌లో అరుదు కాదు. 58 కిలోల స్త్రీ ఒంట్లో ఉండే రక్తమే సుమారు మూడు ముప్పావు లీటర్లు. అందులో ఒక లీటరు అంటే పావు వంతు కంటే ఎక్కువ. ట్రెనెక్సామిక్ ఇచ్చినప్పుడు ఆ నష్టం సగటున 300 మిల్లీలీటర్ల మేర తగ్గుతుందని తుంటి మార్పిడి పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. మనం ఎక్కించే ఒక రక్తపు సంచిలో ఉండేది కూడా దాదాపు అంతే.

ఇక మీ అసలు భయానికి వస్తాను. మూడు మందులు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయని మీరు అనుకుంటున్నారు. నిజానికి అవి వేర్వేరు చోట్ల, వేర్వేరు గంటల్లో పని చేస్తాయి. ఎకోస్ప్రిన్, గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అనే చిన్న రక్తకణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తుంది. స్టెంట్‌ను తెరిచి ఉంచేది ఆ పనే. ట్రెనెక్సామిక్ ఆ పనికి అడ్డు వెళ్లదు. మూత్రపిండాలు బాగుంటే దాని ప్రభావంలో సగం రెండు మూడు గంటల్లోనే తగ్గిపోతుంది, మందు దాదాపు యథాతథంగా మూత్రంలో పోతుంది. కాళ్ల సిరల్లో గడ్డలు సాధారణంగా తయారయ్యేది ఆ తర్వాతి రోజుల్లో, మనిషి మంచం మీద కదలకుండా ఉన్నప్పుడు. రక్తం పలుచన చేసే మందు మొదలయ్యేది ఆ దశ కోసమే. అంటే రక్తం ఊరే గంటలకు ఒక మందు, గడ్డకట్టే రోజులకు మరో మందు అన్నమాట.

ఇది నా నమ్మకం మాత్రమే కాదు. 2014లో అమెరికాలోని 510 ఆసుపత్రుల్లో తుంటి లేదా మోకాలి మార్పిడి చేయించుకున్న 8,72,416 మంది వివరాలను పరిశీలించి ప్రచురించారు. ట్రెనెక్సామిక్ ఇచ్చినవారిలో 7.7 శాతం మందికి, ఇవ్వనివారిలో 20.1 శాతం మందికి రక్తం ఎక్కించవలసి వచ్చింది. రక్తం గడ్డకట్టే సమస్యలు మందు వాడినవారిలో పెరగలేదు. అయితే ఆ లెక్క ఆసుపత్రుల రికార్డుల నుంచి తీసినది, డాక్టర్లు తమకు తోచిన రోగులకే మందు ఇచ్చి ఉండవచ్చు కనుక నేను దాన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకోను. మీ అమ్మగారి లాంటి వారికి మరింత దగ్గరి ఆధారం 2022లో వచ్చిన పాయిస్-3 అనే పరిశోధన. గుండె ఆపరేషన్ కాని ఇతర ఆపరేషన్లకు వచ్చిన, గుండె లేదా రక్తనాళాల ముప్పు ఉన్న 9,535 మందిని చీటీ వేసినట్లుగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్ మొదట్లో ఒక గ్రాము, చివర్లో ఒక గ్రాము ఇచ్చారు. పెద్ద రక్తస్రావం 11.7 నుంచి 9.1 శాతానికి తగ్గింది. గుండెపోటు, పక్షవాతం, కాళ్లలో గడ్డలు వంటివన్నీ కలిపి చూస్తే మందు ఇచ్చినవారిలో 14.2 శాతం, ఇవ్వనివారిలో 13.9 శాతం. తేడా చాలా చిన్నదే అయినా, తాము ముందుగా పెట్టుకున్న కఠినమైన కొలమానం ప్రకారం భద్రత పూర్తిగా రుజువైనట్లు చెప్పలేమని ఆ పరిశోధకులే నిజాయితీగా రాశారు. ఆ సంగతి మీకు దాచడం నాకు ఇష్టం లేదు. నాలుగేళ్ల కిందటి స్టెంట్ ఉండి, ఈ మధ్య గుండెనొప్పి లేని మనిషికి నేను ఈ మందు ఇస్తున్నాను. మూడు నెలల కిందటే స్టెంట్ వేసినవారైతే అసలు ఈ ఆపరేషన్‌నే వాయిదా వేయమంటాను.

ఇవ్వడానికి ముందు నేను తప్పక అడిగేవి కొన్ని ఉన్నాయి: కాళ్ల సిరల్లో గాని ఊపిరితిత్తుల్లో గాని ఎప్పుడైనా గడ్డ కట్టిందా, మూర్ఛ వ్యాధి ఉందా, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత. మందు మూత్రంలోనే పోవాలి కాబట్టి మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గించకపోతే ఒంట్లో పేరుకుపోతుంది. పెద్ద మోతాదులో పేరుకుంటే ఫిట్స్ రావచ్చు; గుండె ఆపరేషన్లలో అది గమనించారు. మామూలుగా అయితే ఒక గ్రాము మందును వంద మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, కోతకు ముందే పది నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కిస్తాం. తొందరపడి సిరంజితో ఒక్కసారిగా తోసేస్తే రక్తపోటు పడిపోతుంది.

ఇంకొక విషయం రోగులకు చెప్పేది కాదు గాని, ఈ చర్చను నర్సులు, కొత్తగా వచ్చిన మత్తు డాక్టర్లు కూడా చదువుతారు కనుక రాస్తున్నాను. ట్రెనెక్సామిక్ ఆంప్యూల్, వెన్నులో మత్తుకు వాడే బ్యుపివకైన్ ఆంప్యూల్ రెండూ చిన్న గాజు గొట్టాలే, రెండిటిలోనూ నీళ్లలాంటి తెల్లటి మందే. పొరపాటున ఇది వెన్నులోకి వెళితే ఫిట్స్ వచ్చి ప్రాణం పోయేంత ప్రమాదం. ఇలాంటి పొరపాట్ల గురించి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. నేను పని చేసే గదిలో వెన్నుమత్తు పూర్తయి, ఆ ట్రే బయటకు వెళ్లేవరకు ట్రెనెక్సామిక్ ఆంప్యూల్‌ను అల్మారా నుంచి తీయనివ్వను.

ఇప్పుడు నాకు నిజంగా ఆందోళన కలిగిస్తున్నది మీరు చివర్లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేసిన 9.8 అనే అంకె. స్టెంట్ కంటే ముందు దాని సంగతి చూడాలి. ఈ ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ రెండు మూడు గ్రాములు తగ్గడం మామూలే. 13తో వచ్చిన మనిషి 10కి దిగితే నడిచి ఇంటికి వెళ్తాడు, 9.8తో వచ్చిన మనిషి 7కి దిగితే రక్తం ఎక్కించక తప్పదు. ఏ ఇంజెక్షనూ ఆ తేడాను పూడ్చలేదు. ఇది రేపే చేయవలసిన ఆపరేషన్ కాదు కాబట్టి, ఒంట్లో ఇనుము నిల్వ ఎంత ఉందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించారా అని, ఇనుము ఎక్కించి నాలుగైదు వారాలు ఆగవచ్చా అని తప్పకుండా అడగండి.


జవాబు 2: పల్నాటి పొలం, నరసరావుపేట

పైన డాక్టరు గారు చెప్పిన చివరి మాటను మా కుటుంబం అనుభవంతో తెలుసుకుంది. మా నాన్నగారికి 2019లో ఎడమ తుంటి మార్చారు. ఏ ఆసుపత్రో చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. ఆపరేషన్‌కు ముందు హిమోగ్లోబిన్ 9.1 అని రిపోర్టులో ఉంది, దాని పక్కన తక్కువ అని గుర్తు కూడా ఉంది, కానీ ఎందుకు తగ్గిందని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. ఇలాంటి ఇంజెక్షన్ ఇచ్చినట్లు కూడా డిశ్చార్జి కాగితాల్లో ఎక్కడా లేదు. రెండో రోజు ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ పట్టించి నిలబెట్టగానే ఆయన ముఖం సున్నం కొట్టినట్లు తెల్లబడి, కళ్లు తేలేసి మంచం మీదికి ఒరిగిపోయారు. ఆ రాత్రి ఒక సంచి, మర్నాడు రెండు సంచుల రక్తం ఎక్కించారు. రెండో సంచి సగంలో చలిజ్వరం వచ్చి దాన్ని ఆపేసి, వేరేది తెచ్చారు. నాలుగు రోజుల్లో ఇంటికి రావలసిన మనిషి పదకొండు రోజులు ఉండిపోయారు.

తర్వాత మా ఊరి డాక్టరు గారు తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే బయటపడిన సంగతి ఏమిటంటే, తుంటి నొప్పి కోసం నాన్నగారు మూడేళ్లుగా మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు కొని, ఒక్కోసారి రోజుకు మూడు చొప్పున వేసుకున్నారు. ఆ మాత్రలు కడుపులో పుండు చేసి, కొంచెం కొంచెంగా రక్తం పోతూ వచ్చింది. మలం నల్లగా వస్తోందని ఆయనకు తెలుసు, వయసు వల్ల అనుకుని ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మగారు కూడా నొప్పి మాత్రలు వాడుతున్నారేమో ఒకసారి అడగండి. పక్కన ఎకోస్ప్రిన్ కూడా ఉందంటున్నారు కనుక మరీ జాగ్రత్తగా అడగండి. పెద్దవాళ్లు ఇలాంటివి మనం అడిగితే తప్ప చెప్పరు.


జవాబు 3: రక్తనిధి ఉద్యోగి, రాజమహేంద్రవరం

సొంత రక్తం ఇవ్వవచ్చా అన్న ప్రశ్నకు మాత్రం నేను జవాబు చెబుతాను. మీ రక్తం నేరుగా మీ అమ్మగారికి ఎక్కించకపోవడమే మంచిది. తల్లి, బిడ్డల వంటి దగ్గరి రక్తసంబంధీకుల మధ్య తెల్లకణాల పోలిక ఎక్కువగా ఉండటం వల్ల, ఎక్కించుకున్న శరీరం ఆ కొత్త తెల్లకణాలను పరాయివిగా గుర్తించలేక వదిలేస్తుంది, అవి అక్కడ పెరిగి తిరిగి ఆ శరీరం మీదే దాడి చేసే ముప్పు ఉంది. ఇది చాలా అరుదే గాని, వస్తే దాదాపు ప్రాణాంతకం. రేడియేషన్‌తో శుద్ధి చేసిన రక్తమైతే ఆ ముప్పు పోతుంది, ఆ సదుపాయం అన్నిచోట్లా ఉండదు. మీరు రక్తనిధిలో దానం చేసి, మీ అమ్మగారికి వేరే దాత రక్తం తీసుకోవడం సరైన దారి. మీ రక్తం ఇంకెవరో బి నెగెటివ్ తల్లికి పనికి వస్తుంది.

మన దేశంలో నెగెటివ్ గ్రూపు వాళ్లు వంద మందిలో ఐదుగురికి అటూఇటూగా మాత్రమే ఉంటారు కనుక ఆపరేషన్‌కు కనీసం వారం ముందే రక్తనిధికి చెప్పండి. మా దగ్గర తుంటి మార్పిడికని రెండేసి యూనిట్లు పక్కన పెట్టించుకుని, వాడకుండా తిరిగి పంపడం ఈ కొన్నేళ్లలో బాగా పెరిగింది. ఈ ఇంజెక్షన్ వాడకం మొదలైన ఆసుపత్రుల నుంచే అవి ఎక్కువగా తిరిగి వస్తున్నాయి. అది చూసి మేము సంతోషిస్తాం. తిరిగి వచ్చిన సంచి ఆ సాయంత్రమే కాన్పు గదికి వెళ్లిన రోజులు ఉన్నాయి.


మున్నేటి ఒడ్డు, ఖమ్మం

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పల్నాటి పొలం గారూ, మీ జవాబు చదివి అమ్మ మంచం కింది ట్రంకు పెట్టె తెరిచి చూశాను. ఖాళీ అయిన నొప్పి మాత్రల అట్టలు ఒక పాలిథిన్ సంచి నిండా ఉన్నాయి. పక్కింటి అబ్బాయి చేత తెప్పించుకుంటోందట. నాతో చెబితే కోప్పడతానని దాచింది. మర్నాడే పరీక్షలు చేయిస్తే ఫెరిటిన్ 11 వచ్చింది, క్రియాటినిన్ 0.9 ఉంది. ఎండోస్కోపీలో కడుపులో చిన్న పుండు కనిపించింది. నొప్పి మాత్రలు పూర్తిగా మాన్పించి, పుండుకు మందు మొదలుపెట్టారు. ఆపరేషన్‌ను ఆరు వారాలు వాయిదా వేయమని నేనే అడిగాను, డాక్టరు గారు వెంటనే ఒప్పుకున్నారు. ఇనుము సెలైన్‌లో రెండు విడతలుగా ఎక్కిస్తున్నారు. ట్రెనెక్సామిక్ గురించి ఒక్క సందేహం మిగిలింది: కొందరు దీన్ని కీలులోకే నేరుగా పోస్తారని, అది గుండెకు ఇంకా సురక్షితమని విన్నాను, నిజమేనా?


జవాబు 4: ఎముకల వైద్యుడు, గుంటూరు, ప్రస్తుతం మాంచెస్టర్

నిజమే, అలా కూడా వాడతాం. కీలు అమర్చి, చివరిసారి కడిగిన తర్వాత, కుట్లు వేసే ముందు మందును సెలైన్‌లో కలిపి గాయంలో పోస్తాం. గాయం దగ్గర మందు ఎక్కువగా ఉండి, రక్తంలోకి తక్కువగా చేరుతుంది కనుక గుండె విషయంలో భయం ఎక్కువగా ఉన్న రోగులకు కొందరు సర్జన్లు ఈ దారిని ఎంచుకుంటారు. కానీ సిర ద్వారా ఇచ్చినదాని కంటే అది సురక్షితమని గట్టిగా తేల్చిన పరీక్షలు లేవు. అమెరికాలోని ఎముకల, మత్తు వైద్యుల సంఘాలు కలిసి 2018లో విడుదల చేసిన మార్గదర్శకాలు సిరలోకి, గాయంలోకి, నోటి ద్వారా మాత్రగా ఇచ్చే మూడు పద్ధతులూ రక్తనష్టాన్ని తగ్గిస్తాయని, వాటిలో ఒకటి తక్కిన వాటి కంటే స్పష్టంగా మేలని చెప్పలేమని తేల్చాయి. ఇక్కడ ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం సిర ద్వారా ఇవ్వడం అందరికీ వర్తించే పద్ధతి. మూత్రపిండాలు బాగున్నవారికి దానికి అదనంగా ఒకటి లేదా రెండు గ్రాములు గాయంలో కూడా పోయవచ్చు, రెండూ కలిపి మూడు గ్రాములు దాటకూడదు. నేను తుంటికి ఎక్కువగా సిర ద్వారానే ఇప్పిస్తాను. రక్తం ఊరడం మొదలు కాకముందే మందు ఒంట్లో ఉండాలన్నది నా ఆలోచన. గాయంలో పోసేది అప్పటికే జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేదు.

ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. నేను పని చేసే చోటికి దగ్గరలోనే రైటింగ్టన్ ఆసుపత్రి ఉంది. ఎముకల సర్జన్ జాన్ చార్న్‌లీ 1962 నవంబరులో పాలిథిలీన్ గిన్నెతో నేటి తుంటి మార్పిడికి రూపం ఇచ్చింది అక్కడే. అదే 1962లో జపానులో ఉటాకో ఒకామోటో, ఆమె భర్త షోసుకే ఒకామోటో ఈ మందు గురించి తమ పరిశోధనను ప్రచురించారు. వాళ్లు వెదికింది తుంటి కోసం కాదు. కాన్పు తర్వాత రక్తం ఆగక చనిపోయే తల్లుల కోసం. ఆ తల్లులకు ఈ మందు పనికి వస్తుందో లేదో తేల్చాలని ఉటాకో కోరుకున్న పరీక్ష 20,060 మంది బాలింతలతో పూర్తయి 2017లో ఫలితం వెలువడేసరికి ఆమె లేరు, అంతకు ముందు ఏడాదే 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ పరీక్షలో కాన్పైన మూడు గంటల లోపల మందు అందినవారిలో రక్తస్రావపు మరణాలు స్పష్టంగా తగ్గాయి. నేను ప్రతి వారం వాడే ఈ మందు వెనుక ఆ తల్లి ఉందని తలుచుకోవడం నాకు అలవాటు.

మీ అమ్మగారికి ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ కొంచెం తగ్గితే కంగారుపడి రక్తం ఎక్కించమని పట్టుబట్టకండి. 2011లో ప్రచురించిన ఫోకస్ అనే పరిశోధనలో తుంటి విరిగి ఆపరేషన్ అయిన, గుండె జబ్బు లేదా దాని ముప్పు ఉన్న 2,016 మందిలో, 10 కంటే తగ్గగానే ఎక్కించినవారికి, 8 కంటే తగ్గినప్పుడు లేదా లక్షణాలు కనిపించినప్పుడే ఎక్కించినవారికి అరవై రోజుల తర్వాత తేడా కనిపించలేదు. అయితే స్టెంట్ ఉన్న మనిషికి ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండెదడ వంటివి వస్తే అంకె కోసం చూడకుండా వెంటనే చెప్పాలి.


మున్నేటి ఒడ్డు, ఖమ్మం (ఏడు వారాల తర్వాత)

అమ్మకు ఆపరేషన్ అయి నేటికి ఐదు రోజులు. ఆపరేషన్‌కు ముందు రోజు హిమోగ్లోబిన్ 12.1 ఉంది. వెన్నుకు మత్తు ఇచ్చిన తర్వాత ట్రెనెక్సామిక్ ఒక గ్రాము, కుట్లు వేసేటప్పుడు మరో గ్రాము ఇచ్చారని మత్తు డాక్టరు గారే బయటకు వచ్చి చెప్పారు. ఎకోస్ప్రిన్ ఆపలేదు. రెండో రోజు హిమోగ్లోబిన్ 10.3. రక్తం ఎక్కించలేదు. మా కోసం పక్కన పెట్టిన రెండు యూనిట్ల బి నెగెటివ్ అలాగే రక్తనిధికి తిరిగి వెళ్లింది. నిన్న వాకర్ పట్టుకుని వసారా చివరి వరకు నడిచి, అక్కడి కిటికీలోంచి కాసేపు రోడ్డు చూసి వచ్చింది.

ఈ రోజు ఉదయం బట్టలు మారుస్తుంటే తొడ వెనుక, మోకాలి దాకా నేరేడు పండు రంగులో పెద్ద మచ్చ కనిపించింది. నొప్పి లేదంటోంది. రక్తం పలుచన చేసే మందు వల్ల లోపల మళ్లీ కారుతోందా?


సాగరతీరం, విశాఖపట్నం

చాలా సంతోషమండీ. మీరు చూసిన మచ్చ, నేను మొదట రాసిన కంటికి కనిపించని రక్తమే. ఆపరేషన్ రోజున కండరాల మధ్య చేరినది ఇప్పుడు పల్లానికి దిగుతూ చర్మం కిందికి వచ్చింది. రెండు వారాల్లో ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి పోతుంది. ఈ రోజు మచ్చ అంచున పెన్నుతో గీత గీసి, రేపు ఆ గీత దాటి బాగా పెరిగిందేమో చూడండి. తొడ గట్టిగా ఉబ్బినా, కుట్ల దగ్గర నుంచి తడి ఆగకపోయినా సర్జన్ గారికి ఫోన్ చేయండి. పిక్క ఒక పక్కే వాచి నొక్కితే నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా మాత్రం ఫోన్‌తో ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి, ఎందుకంటే అవి రక్తం కారుతున్న గుర్తులు కావు, గడ్డకట్టిన గుర్తులు. రక్తం పలుచన చేసే మందును మచ్చ చూసి మీరుగా ఆపవద్దు. ఇనుము మాత్రలు ఎంతకాలమో డిశ్చార్జి కాగితంలో రాశారేమో చూసి, లేకపోతే అడిగి రాయించుకోండి.